లెక్కల యింట రాక్షసబల్లి

1961వ సంవత్సరమున, ప్రాణహిత లోయయందలి పోచంపల్లి యను పల్లెకు సమీపమున నేల త్రవ్వుచున్నవారికి ఒక తొడయెముక కానవచ్చెను. చేనేత చీరలకు పేరుపడిన పోచంపల్లి వేఱు, ఇది వేఱు. దీని పేరు చీరల యంగడులలో వినబడదు గాని భూగర్భశాస్త్రజ్ఞుల సభలలో వినబడును. ఆ యెముక నిడివి 1.7 మీటర్లకు పైమాటయే. నిలువెత్తు మనుష్యుని ప్రక్కన దానిని నిలువబెట్టినచో రెండును సరిజోడుగా నుండును. నాటినుండి త్రవ్వకపువారు ఆ జంతువును, 'పెద్దకాలు' అను నర్థము వచ్చునట్లు, 'బరాపా' యని పిలుచుకొనసాగిరి. 1975లో దానికి శాస్త్రీయముగ నామకరణము జరిగినప్పుడు ఆ ముద్దుపేరే నిలిచి, దానికి రవీంద్రనాథ టాగూరు పేరు తోడై, 'బరాపాసారస్ టాగోరై' యయ్యెను. ఏలయన 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరము. సుమారు 18 కోట్ల యేండ్లకు పూర్వము ఆకులలములు మేయుచు తిరుగాడిన యొక రాక్షసబల్లికి మహాకవి పేరు పెట్టుట మన దేశమునందే చెల్లును.

ఇంతకును ఆ యెముకను త్రవ్వితీసినవారు ఏ గనుల శాఖవారో, ఏ పురావస్తు శాఖవారో కారు. వారు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు, అనగా భారత గణాంక సంస్థకు, చెందినవారు. ఆ పేరు వినినంతనే జనాభా పట్టికలును, ధరల సూచీలును, పంచవర్ష ప్రణాళికలును మనకు స్ఫురించును గాని మట్టి యంటిన యెముకలు స్ఫురింపవు. లెక్కలవారికి రాక్షసబల్లితో నేమి పని యని యడుగువానిని తప్పుపట్టరాదు. మనము చదువుకొనిన చదువే యట్టిది. పాఠశాలలో తొలిగంట ప్రకృతిశాస్త్రము, మలిగంట సాంఘికశాస్త్రము. మొదటి యుపాధ్యాయుడు వెడలిపోయిన పిమ్మటగాని రెండవ యుపాధ్యాయుడు గుమ్మము దాటడు. ఇరువురును ఒకే నల్లబల్లపై ఒకేసారి వ్రాయగా చూచిన విద్యార్థి లేడు. అట్లు పెరిగినవారికి, నదుల వఱదలు, మనుష్యుల ముక్కులు, జనపనార చేలు, సూడాను దేశపు పుఱ్ఱెలు, పూవుల రేకులు, కొబ్బరి మట్టలు, మేనరికపు పెండ్లిండ్లు, కడపట రాక్షసబల్లి, ఇవన్నియు ఒకే సంస్థ యావరణలో పరిశోధనకు వచ్చినవని చెప్పినచో అది యొక కలగూరగంపవలె తోచుట సహజము.

నా మతమున అది కలగూరగంప కాదు. ఆ సంస్థ చిహ్నముపై 'భిన్నేష్వైక్యస్య దర్శనమ్', అనగా భిన్నమైనవానిలో ఐక్యమును చూచుట, అను సంస్కృత వాక్యము కలదు. ఇట్టి వాక్యములు చిహ్నములపై నలంకారముగ నుండుటయే లోకమున పరిపాటి గాని, ఇచ్చట దానికి పనిగట్టుకొని చెప్పదగిన యర్థ మున్నది. ఇన్ని పరిశోధనల వెనుకను నిలిచిన ప్రశ్న యొక్కటే: మన కంటికి కనబడు ఈ భేదము నిజమైన భేదమా, లేక కాకతాళీయమా? కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఒకేసారి జరిగినంతమాత్రమున కాకి బరువునకే పండు రాలెనని చెప్పరాదని మన పూర్వులకు తెలియును. అయితే ఎన్నిసార్లు కాకి వ్రాలగా ఎన్నిసార్లు పండు రాలిన పిమ్మట మనము కాకిని అనుమానింపవచ్చునో వారు లెక్క కట్టలేదు. ఆ లెక్కయే గణాంకశాస్త్రము.

మన దేశమున ఆ లెక్కను పట్టుదలతో చేపట్టినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన 1893లో కలకత్తాలో జన్మించి, కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రము చదివి, 1915లో స్వదేశమునకు బయలుదేరబోవగా యుద్ధకారణమున ఓడ యాలస్యమయ్యెను. కళాశాల గ్రంథాలయమున ప్రొద్దుపుచ్చుచున్న యాయనకు అధ్యాపకు డొకడు 'బయోమెట్రికా' యను పత్రిక సంపుటములను చూపెను. జీవజాలపు కొలతలను గణితముతో శోధించు పత్రిక యది. మహలనోబిస్ ఆ సంపుటముల నన్నింటిని కొని, సముద్రముపై చదువుచు వచ్చెను. ఓడ సకాలమున కదలియుండినచో నేమయ్యెడిదో ఎవరెఱుగుదురు? కాకతాళీయమును కొలుచు శాస్త్రము మన దేశమునకు కాకతాళీయముగనే వచ్చినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచు, ఈ క్రొత్త విద్యను ఎచ్చట ప్రయోగింతునా యని వేచియున్న యాయనకు, 1920లో నాగపురమున జరిగిన సైన్సు కాంగ్రెసులో, జంతుశాస్త్ర సర్వే సంచాలకుడైన నెల్సన్ అనండేల్ తారసిల్లెను. కలకత్తాలోని ఆంగ్లో-ఇండియనుల దేహపు కొలతలు అనండేల్ చెంత మూలుగుచుండెను. వానిని విశ్లేషించి పెట్టుమని యాయన కోరెను. మహలనోబిస్ తొలి పరిశోధన పత్రము 1922లో ఆ కొలతలపైననే వెలువడినది. జంతుశాస్త్రజ్ఞుడు సేకరించిన మానవుల కొలతలను భౌతికశాస్త్రజ్ఞుడు విడదీసి చూచుట: సంస్థ పుట్టుటకు పదియేండ్లు ముందుగనే దాని స్వభావ మిందు కానవచ్చుచున్నది.

ఆ కాలమున మనుష్యులను కొలుచుట యొక వెఱ్ఱిగా నుండెను. హెర్బర్ట్ రిస్లీ యను ఆంగ్లాధికారి బెంగాలు ప్రాంతపు జనుల ముక్కుల నిడివి వెడల్పులను కొలిపించి, ముక్కు ఎంత సన్నమైనచో సంఘమున కులము అంత యున్నతమై యుండునను సిద్ధాంతమును 1891లో ప్రకటించి, దానిని ప్రభుత్వపు జనాభా లెక్కల స్థాయికి గొనిపోయెను. ముక్కు తీరును బట్టి వంశమును పొగడు పెండ్లిపేరయ్యలు మనకును లేకపోలేదు గాని వారికైన నింత ధైర్యము లేదు. మహలనోబిస్ 1930 తరువాత రిస్లీ కొలతలను తిరుగ లెక్కించి, అందలి పొరపాట్లను సరిదిద్దెను. అంతకంటె ముఖ్యముగ, అట్టి సిద్ధాంతములన్నింటికిని మూలమైన ప్రశ్నను పట్టుకొనెను: రెండు జనసమూహముల నడుమ దూరమును ఎట్లు కొలువవలెను?

ఇది చూచుటకు సులభముగ కనబడును గాని కాదు. ఒక యూరి జనుల సగటు ఎత్తు మఱియొక యూరివారి సగటుకంటె రెండంగుళము లధికమనుకొందము. ప్రతి యూరిలోను పొట్టివానికిని పొడగరికిని నడుమ అడుగెడు వ్యత్యాస మున్నచో, ఊరికి ఊరికి నున్న రెండంగుళములు ఏపాటివి? అట్లుకాక ప్రతి యూరిలోను అందఱును ఇంచుమించు సమానమైన యెత్తువారే యైనచో, ఆ రెండంగుళములే కొండంత యగును. కావున దూరమును అంగుళములతో కాక, ఆయా సమూహముల లోపలి చెదరుబాటుతో కొలువవలెను. ఇంతటితో చిక్కు తీరలేదు. పొడగరికి కాళ్లును చేతులును పొడవుగ నుండుట సహజము. ఎత్తు నొకసారి, కాలి పొడవు నొకసారి, చేతి పొడవు నొకసారి లెక్కించి, మూడు భేదములు కనుగొంటినని చెప్పువాడు, ఒకే బాకీని మూడు పుటలలో వ్రాసికొని మూడుసార్లు వసూలు చేయజూచు గుమాస్తా వంటివాడు. ఒకదానితో నొకటి పెనవేసికొనిన కొలతలనుండి ఆ పునరుక్తిని తొలగించి, మిగిలిన నికరమైన దూరమును మాత్రమే చెప్పు సూత్రమును మహలనోబిస్ రూపొందించి, 1936లో ప్రకటించెను. లోకము దానిని 'మహలనోబిస్ దూరము' అనుచున్నది. వందలకొలది కొలతలనడుమ గుంపులో నిమడని దానిని పట్టుకొనుటకు కంప్యూటరు శాస్త్రజ్ఞులు నేడును దానినే వాడుదురు.

పుఱ్ఱెలును ముక్కులును కొలిచి మానవజాతుల నేర్పఱచు ప్రయత్నము మాత్రము శాస్త్రజ్ఞుల యాదరమును కోల్పోయినది, కోల్పోవలసినదే. మనుష్యులయందలి జన్యుభేదములలో అత్యధికభాగము ఏ సమూహమున కా సమూహము లోపలనే యున్నదిగాని సమూహమునకు సమూహమునకు నడుమ లేదని 1972లో జన్యుశాస్త్రజ్ఞుడైన రిచర్డ్ లెవాంటిన్ చూపెను. కొలువబూనిన వస్తువు నిలువలేదు, కొలబద్ద నిలిచినది. శాస్త్రచరిత్రలో నిట్లు తఱచుగ జరుగును.

మహలనోబిస్ చూపు మనుష్యులనుండి నదులకు మరలిన కథ ఇంకను చిత్రమైనది. 1926లో ఒరిస్సాయందలి బ్రాహ్మణీ నదికి పెనువఱద వచ్చెను. నదీగర్భము అడుగు మేర పూడి యెత్తయినదనియు, గట్లను ఇంకను పెంపవలెననియు ఇంజనీర్లు తలంచిరి. కన్నులార వఱద చూచినవారి కది సహజమైన యాలోచనయే. ఒక పెద్ద వఱద చూచిన తరము తొలకరి మబ్బు పట్టినప్పుడెల్ల దానినే తలచుకొనును. 1986 ఆగష్టులో గోదావరిని చూచినవారిని అడిగిన తెలియును. మహలనోబిస్ అరువది యేండ్ల వర్షపాతపు లెక్కలను, నీటిమట్టముల లెక్కలను కూర్చి చూచి, నదీగర్భము పెరుగలేదనియు, ఎగువను కురిసిన యసాధారణ వర్షమే కారణమనియు, గట్లను పెంచిన ప్రయోజనము లేదనియు, ఎగువనే నీటిని నిలుపవలెననియు తేల్చెను. మహానదికి సంబంధించి యాయన నాడు వేసిన లెక్కలు తరువాతి కాలమున హీరాకుడ్ ఆనకట్టకు ఆధారములైనవి. అసాధారణమైన యొక సంవత్సరమును చూచి నది స్వభావమే మాఱినదనుకొనుటయు, నాలుగు ముక్కులను చూచి కులమునకొక ముక్కు గలదనుకొనుటయు ఒకే జాతి పొరపాట్లు. ఒకటి ప్రకృతిశాస్త్రమున జరిగినది, రెండవది సమాజశాస్త్రమున జరిగినది, మందు ఒక్కటే.

1931 డిసెంబరు 17న సంస్థ యేర్పడినది. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర శాఖవారి గదియే దాని తొలి నివాసము. తరువాత నగరపు ఉత్తరభాగమున బారానగరమునకు మాఱినది. రెండేండ్లకు 'సాంఖ్య' యను పత్రికయు వెలువడసాగెను. చేత త్రిప్పు లెక్కయంత్రముల ముందు వరుసలుగ కూర్చుండి లెక్కలు కట్టువారినే నాడు 'కంప్యూటర్లు' అనెడివారు.

1937 మొదలు బెంగాలులో జనపనార ఎంత విస్తీర్ణమున పండుచున్నదో అంచనా కట్టు పని సంస్థకు వచ్చెను. అన్ని చేలను తిరిగి చూచుట అసాధ్యము. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన యిండ్లలో అందురు. నమూనా సర్వేను బోధించువారును ఈ మాటనే చెప్పుదురు. కాని ఆ సామెత కలియబెట్టిన కుండకే వర్తించును. బెంగాలు చేలను ఎవడు కలియబెట్టెను? ఒకచోట నార, ఒకచోట వరి, ఒకచోట బీడు. సర్వేదారుడు బాటప్రక్కన అనువుగ నున్న చేనినే చూచి వచ్చినచో లెక్క బాటప్రక్కన చేలకే సరిపోవును. అందువలన ఏ చేనిని చూడవలెనో మనుష్యుని యిష్టమునకు విడువక చీటీల పద్ధతిని నిర్ణయింపవలసి వచ్చెను. కాకతాళీయమును శత్రువుగ జూచిన శాస్త్రమే దానిని పనివానిగ పెట్టుకొనెను. అంతటితో ఆగక, మహలనోబిస్ ఒకే ప్రాంతమునకు రెండు దళములను వేర్వేఱుగ పంపెను. ఇద్దఱు కరణములు ఒకరి యడంగలు నొకరు చూడకుండ ఒకే యూరి లెక్కలు వ్రాసినట్లన్నమాట. రెండు లెక్కలకును గల వ్యత్యాసమే ఆ సర్వే నెంతవఱకు నమ్మవచ్చునో చెప్పును. తమ తప్పును తామే కొలిచికొనుటకు ఖర్చు పెట్టు దొరతనములు అరుదు.

చేనిలో చిన్న చట్రము వేసి, అందలి పంటను కోసి తూచి, దానినుండి మొత్తము దిగుబడిని అంచనా వేయుటలో నొక వింత బయటపడినది. చట్రము చిన్నదైనకొలది దిగుబడి యధికముగ కనబడెను! అంచుమీద నిలిచిన మొక్క లోపలిదా వెలుపలిదా యను సందేహము వచ్చినప్పుడెల్ల కోయువాని చేయి దానిని లోపలికే లాగుకొనును. చిన్న చట్రమునకు వైశాల్యముకంటె అంచు పాలు హెచ్చు. ఇది మొక్కల స్వభావమా, మనుష్యుల స్వభావమా? ఆ చేనిలో రెండును వేఱుపఱుపరానివి. ఈ యనుభవమంతయు 1943 నాటి బెంగాలు కఱవు పిమ్మట, ఎన్ని కుటుంబములు భూమి నమ్ముకొనినవో, ఎన్ని వృత్తులు చితికిపోయినవో యూరూర విచారించుటకు వినియోగపడెను. 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వేకు పునాది యదియే.

1941 జనవరి 1న ఈ లెక్కల యింట ఒక తెలుగు యువకుడు అడుగిడెను. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకమునకు సి. ఆర్. రావు, నాటి బళ్లారి జిల్లాలోని హడగలిలో 1920లో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున మొదటివాడుగ నుత్తీర్ణుడై, సైన్యపు సర్వేశాఖలో కొలువు కొఱకు కలకత్తాకు పోయి, అది కాక ఇచ్చట చేరెను. చిన్ననాట తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేపి, దీపము వెలిగించి చదువునకు కూర్చుండబెట్టెడిదని యాయన కృతజ్ఞతతో చెప్పుకొనెను. 1945లో ఆయన నిరూపించిన విషయమును ఇట్లు చెప్పవచ్చును: గానుగ ఎంత మంచిదైనను చెఱకులో నున్న రసముకంటె ఎక్కువ రాదు, అట్లే, చేతనున్న కొలతలనుండి ఎంతటి తెలివిగల పద్ధతితో అంచనా కట్టినను, దాని నిశ్చితత్వము ఆ కొలతలయందు నిగూఢమైయున్న సమాచారపు హద్దును దాటజాలదు. ఆ హద్దునే లోకము నేడు క్రామర్-రావు హద్దు అనుచున్నది.

ఇంతటి సూక్ష్మ గణితము చేసినవానిని మఱుసటి యేడు సంస్థ ఎచ్చటికి పంపినదో చూడుడు: కేంబ్రిడ్జిలోని మానవశాస్త్ర ప్రదర్శనశాలకు, పుఱ్ఱెలు కొలుచుటకు! మందుల వర్తకుడైన హెన్రీ వెల్‌కమ్ 1911 మొదలు 1914 వఱకు సూడానులోని జెబెల్ మోయా యనుచోట త్రవ్వకములు జరిపించి, అచ్చటి సమాధులలోని యెముకలను ఇంగ్లండునకు చేర్చియుండెను. ఆ ప్రాచీన జనులు ఇరుగుపొరుగు జనులలో ఎవరికి దగ్గఱవారో తెలిసికొనుటకు మహలనోబిస్ దూరము కావలసివచ్చెను. దానిని ఎఱిగినవారు కలకత్తాలో నుండిరి. రావు పగలెల్ల పుఱ్ఱెలతో గడపి, తక్కిన వేళ జన్యుశాస్త్రజ్ఞుడైన రొనాల్డ్ ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల సంతతిని లెక్కించుచు, ఫిషర్ శిష్యుడుగా 1948లో డాక్టరేటు పొందెను. జెబెల్ మోయాపై గ్రంథము 1955లో వెలువడెను. రావు 2023 ఆగష్టులో నూట రెండేండ్ల వయస్సున అమెరికాలో కన్నుమూసెను.

ఇక హాల్డేన్ విషయము. జాన్ బర్డన్ సాండర్సన్ హాల్డేన్ పరిణామవాదమునకు గణితపు టెముకలగూడు కూర్చిన ముగ్గురు నలుగురిలో నొకడు. విషవాయువులు పీల్చి, అమ్మోనియం క్లోరైడు త్రాగి, పీడనపు గదులలో కూర్చుండి తన దేహమునే ప్రయోగశాలగ జేసికొనిన సాహసి. 1957లో ఆయన లండను విశ్వవిద్యాలయ పదవిని వదలి, భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాకు వచ్చి, గణాంక సంస్థలో చేరి, భారతీయ వస్త్రములు ధరించి, మాంసము మాని, కొన్నాళ్లకు భారత పౌరుడయ్యెను. ఖరీదైన యంత్రములు లేనిదే పరిశోధన సాగదని నిట్టూర్చు మన శాస్త్రజ్ఞులకు ఆయన చెప్పిన సమాధానము మాటలలోకంటె ఆయన శిష్యుల పనులలో స్పష్టముగ నున్నది.

ఎస్. కె. రాయ్ పారిజాతము వంటి చెట్ల పూవుల రేకులు లెక్కపెట్టెను. వరివంగడములను కలిపి నాటి, విడివిడిగ నాటినదానికంటె కలిపి నాటినప్పుడు దిగుబడి యెట్లుండునో చూచెను. ఎస్. డి. జయకర్, హెలెన్ స్పర్వేతో కూడి, పసుపు తిత్తి గల తీతువుపిట్ట గూటిని కాచుకొని కూర్చుండెను. తీతువు కూత అపశకునమని మనము చెవులు మూసికొందుము. ఆ పక్షి మండు వేసవిలో బట్టబయలు నేలపై గ్రుడ్లుపెట్టి, పొట్టయీకలను నీటిలో తడుపుకొని వచ్చి, వానిపై కూర్చుండి చల్లబఱచు సంగతి మనలో నెందఱికి తెలియును? ఈ పరిశోధనలకు వలసినవి కన్నులు, కాగితము, పెన్సిలు, కూర్చుండు నోపిక. చివరిదే ఖరీదైనది.

వీనిలో నాకు మిక్కిలి నచ్చినది టి. ఎ. డేవిస్ చేసిన కొబ్బరిచెట్ల పరిశోధన. కొబ్బరిమట్టలు మొవ్వులో మెలివడి యెక్కును. కొన్ని చెట్లలో ఎడమవైపునకు, కొన్నింటిలో కుడివైపునకు. తరతరములుగ కోనసీమలో ఆ చెట్ల క్రిందనే పుట్టి పెరిగినవారును దీనిని గమనించియుండరేమో. గమనించినను, ఎడమ చెట్టు కాయనుండి ఎడమ చెట్టే పుట్టునని యూహించియుందురు. డేవిస్ తల్లిచెట్లను పిల్లచెట్లను లెక్కించి చూచి, మెలి వంశానుగతము కాదని 1962లో ప్రకటించెను: ఎడమ చెట్టు పిల్లలలోను ఇంచుమించు సగము కుడి చెట్లే. విషయ మింతటితో ముగిసినచో అదియొక కాకతాళీయమని త్రోసివేయవచ్చును. అయితే ఎడమ మెలి చెట్లు కుడి మెలి చెట్లకంటె ఎక్కువ కాయలు కాయుచున్నట్లును ఆయన లెక్కలు తేల్చినవి. అనగా భేదము నిజమైనది, దానికి ఫలమును గలదు, అయినను అది వంశపారంపర్యము కాదు! మనుష్యులయందు ఏ భేదము కనబడినను దానిని వెంటనే రక్తమునకు అంటగట్టు రిస్లీ వంటివారు ఈ చెట్టు క్రింద కొంతసేపు కూర్చుండదగినది.

పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణ హాల్డేన్ శిష్యులలో నింకొకడు. మొదట ఆయన ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూవుపై వ్రాలునో లెక్కించెను. ఆ పిమ్మట కొందఱు పురుషుల చెవులపై మొలచు వెండ్రుకలు తండ్రినుండి కొడుకునకు మాత్రమే సంక్రమించునా యని ఆంధ్రదేశపు కుటుంబముల వంశవృక్షములు సేకరించెను. అట్లే సంక్రమించునను సిద్ధాంతమును తరువాతివారు సందేహించిరి గాని, వంశవృక్షముల సేకరణ ఆయనను అంతకంటె గంభీరమైన విషయమునకు గొనిపోయెను. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని, అక్కకూతురిని సైతము పెండ్లాడుట మనలో నిన్నమొన్నటి యాచారము కాదు. పొలము చీలదనియు, పిల్ల పరాయి యింటికి పోదనియు పెద్దలు చెప్పుదురు. ఇది సమాజశాస్త్రజ్ఞుని విషయము. జన్యుశాస్త్రజ్ఞుడు ఇదే వంశవృక్షమును వేఱు కంటితో చూచును. ప్రతి జన్యువునకును మనలో రెండు ప్రతులుండును: తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. ఒకటి చెడినను రెండవది కాపాడును. తలిదండ్రు లిరువురికిని తాతయో అమ్మమ్మయో ఒక్కరే యైనచో, వారిలోని చెడిన ప్రతియే రెండు దారుల వెంట నడచివచ్చి బిడ్డలో కలిసికొనవచ్చును. రెండు ప్రతులును ఇట్లు ఒకే మూలమునుండి వచ్చు సంభావ్యత మామ కూతురిని చేసికొనినచో పదునాఱింట నొక వంతు, అక్కకూతురిని చేసికొనినచో ఎనిమిదింట నొక వంతు. ద్రోణంరాజు, మీరాఖాన్ అనువారితో కలిసి, ఆంధ్రప్రదేశమున ఇట్టి వివాహములు ఎంత తఱచో, వాని ఫలితములెట్టివో విచారించి 1963లో ప్రకటించెను. పెండ్లివారు గీయు బంధుత్వపు పటమే జన్యుశాస్త్రజ్ఞునికి పరిశోధన పటమైనది. ఇందులో ప్రకృతి ఎచ్చట ముగిసి సమాజము ఎచ్చట మొదలగునో గీత గీయగలవారు గీయవచ్చును. మేనరికమును తిట్టుటకు గాని వెనుకవేసికొని వచ్చుటకు గాని నేను పూనుకొనను. ఎనిమిదింట నొక వంతను మాట మాత్రము పెండ్లిచూపులనాడు ఇరువైపుల పెద్దలకును తెలిసియుండుట మంచిది.

మరల మన రాక్షసబల్లి యొద్దకు వత్తము. హాల్డేన్ బోధించిన లండను కళాశాలనుండియే పమేలా రాబిన్సన్ అను పురాజీవశాస్త్రజ్ఞురాలు మహలనోబిస్ ఆహ్వానమున వచ్చి, సంస్థలో భూగర్భశాస్త్ర శాఖకు పునాది వేసి, విద్యార్థులను ప్రాణహిత-గోదావరి లోయకు వెంటబెట్టుకొనిపోయెను. పోచంపల్లి యొద్ద దొరకినది ఒక్క యెముక కాదు. సుమారు 300 ఎముకలు, ఒకదానిపై నొకటి చెల్లాచెదరుగ పడియుండెను. తల మాత్రము లేదు. ఈ రాశి ఒక జంతువుదా, పది జంతువులదా? ఇచ్చటను లెక్కయే దారి చూపవలెను. ప్రక్కటెముకలు ఎన్ని యున్నను లాభము లేదు, అవి ఒక్కొక్క జంతువునకు చాల యుండును. ఎడమ తొడయెముక యైనచో జంతువునకు ఒక్కటియే. అట్టి యెముకలను ఏఱి లెక్కించినచో కనీసము ఎన్ని జంతువులో తెలియును. ఆ లెక్క ప్రకారము పోచంపల్లి రాశి కనీసము ఆఱు జంతువులది. వానిని కూర్చి నిలిపిన యస్థిపంజరము నేడును కలకత్తాలో, బారానగరపు గణాంక సంస్థ ప్రదర్శనశాలలో నున్నది.

హాల్డేన్‌కును మహలనోబిస్‌కును చివరకు పొసగలేదు. 1961లో హాల్డేన్ సంస్థను వీడి, మఱుసటి యేడు భువనేశ్వరమునకు పోయి, అచ్చట జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పి, రెండేండ్లయినను నిండకమునుపే కాన్సరు వ్యాధిపాలయ్యెను. తన దేహము బ్రతికినన్నాళ్లు పరిశోధనకు వినియోగపడినదనియు, మరణానంతరము తనకు దానితో పనిలేదు గనుక ఇతరులు వాడుకొనవలెననియు ఆయన మరణశాసనమున వ్రాసియుంచెను. 1964 డిసెంబరు 1న ఆయన మరణింపగా, ఆ కోరిక ప్రకారము, దేహమును కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల యధ్యయనము కొఱకు చేర్చిరి.